మోజెస్ ఇంటికి మల్లేశ్వరి ఎంచిన పంపు

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో బాయిలర్లు, పైపులు, పంపులు అమ్మే దుకాణం ఒకటుంది. అందులో కౌంటర్ దగ్గర పనిచేసే నాగమల్లేశ్వరికి నలభై మూడేళ్ళు. తెనాలి దగ్గర పల్లె. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివింది. భర్త దివాకర్ కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వర్క్ పర్మిట్ చేతికొచ్చిన నెలలోనే ఆమె ఈ పనిలో చేరింది. మొదట్లో ప్లంబర్లు ఆమెను చూసి, "లోపల ఇంకెవరైనా ఉన్నారా?" అనేవారు. ఇప్పుడు ఆమె సెలవు పెడితే, "మల్లి ఎప్పుడొస్తుంది?" అని అడిగి వెనక్కి వెళ్ళిపోతున్నారు.

కిందటి అక్టోబరులో ఒక శనివారం మోజెస్ వచ్చాడు. భీమవరం మనిషి. కారు ఇంజన్లు వేడెక్కకుండా నీళ్ళు తిప్పే పంపులు డిజైన్ చేయడం అతని ఉద్యోగం. ఈమధ్యే పాత ఇల్లొకటి కొన్నాడు. మేడ మీద గదుల్లో చలికాలం వెచ్చదనానికి ఇనుప రేడియేటర్లున్నాయి. కింద వంటగదిలో నేల వెచ్చగా ఉండేందుకు కొత్తగా దాని అడుగున పైపులు వేయించాడు. రెండింటిలోనూ తిరగాల్సింది బాయిలర్‌లో కాగిన నీళ్ళే. వాటిని తిప్పడానికి పంపు, వాల్వులు, థర్మామీటర్లు అన్నీ కలిపి బిగించిన పంప్ గ్రూప్ కావాలి.

"మల్లేశ్వరి గారూ, ఉన్నవాటిలో పెద్దది ఇవ్వండి. ఒక్కటి చాలు, ఇల్లంతా కవర్ చేసేస్తుంది" అన్నాడు, ఫోన్‌లో బొమ్మ చూపిస్తూ.

"నేల కింద పైపులు ఎన్ని వరసలండీ? ఒక్కో వరస పొడవెంత?"

"అవన్నీ ఎందుకండీ? పంపుల సంగతి నాకు తెలుసు. రోజూ అదే నా పని."

"కారుకి తెలుసు. ఇంటికి కొలవాలి. కొలవకుండా నేనివ్వను."

పక్కనున్న యజమాని నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె ఒకసారి వద్దంటే అమ్మకం జరగదని ఆయనకు తెలుసు. మోజెస్ ముఖం చిన్నబోయింది. చివరికి, "సరే, రేపు చర్చి అయ్యాక ఇంటికొచ్చి మీరే చూడండి" అన్నాడు.

మర్నాడు ఆమె దివాకర్‌ని వెంటబెట్టుకుని వెళ్ళింది. బేస్‌మెంట్‌లో నిచ్చెనెక్కి, వంటగది నేల అడుగున బిగించిన పైపులను టేపుతో కొలిచింది. కింద దివాకర్ టార్చి పట్టుకున్నాడు. మూడు వరసలు కొలిచింది. నాలుగో దాని ముందు అట్టపెట్టెలు మేడలా పేర్చి ఉంటే, పైపులు వేసిన ప్లంబర్ రాసిచ్చిన కాగితంలోని అంకె వేసుకుంది. దిగొచ్చి లెక్క కట్టి చెప్పింది.

"మీకు రెండు గ్రూపులు కావాలండీ. రేడియేటర్లకి నూట అరవై డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్ళు కావాలి. అవే నేలకీ పంపిస్తే మీ చెక్క ఫ్లోర్ వంకర్లు పోతుంది. అక్కడికి నూట ఇరవై చాలు. అందుకని దానికి మిక్సింగ్ ఉన్నది పెడదాం. నేలలో తిరిగి చల్లారిన నీళ్ళని వేన్నీళ్ళలో కలుపుతుంది. స్నానానికి చన్నీళ్ళు తొరుపుకోమా, అలాగే."

"మరి పంపు?"

"చిన్నది."

"చిన్నదా!"

మోజెస్ భార్య జెనిఫర్ కలగజేసుకుంది. "నువ్వు ఫోన్‌లో చూశావు. అక్క నిచ్చెనెక్కి చూసింది. ఇంక ఆర్గ్యూ చేయకు."

మోజెస్ ఆమె చెప్పినవే కొన్నాడు. నవంబరుకల్లా బిగించారు. రేడియేటర్లు చక్కగా పనిచేశాయి. డిసెంబరు చలి ముదిరాక మాత్రం జెనిఫర్ ఫోన్ చేసింది. "అక్కా, వంటగదంతా బాగుంది కానీ కిటికీ వైపు ఐస్‌లా ఉంటోంది."

ఆ ఆదివారమే మల్లేశ్వరి వెళ్ళింది. అట్టపెట్టెలు పక్కకి తీయించి నిచ్చెనెక్కింది. నాలుగో పైపు కాగితంలో ఉన్నట్టు లేదు. కిటికీ దాకా వెళ్ళి, చుట్టి, వెనక్కొచ్చింది. మిగతావాటికి దాదాపు రెట్టింపు పొడవు.

ఆమె కిందికి దిగి, "తప్పు నాదేనండీ. ఇదొక్కటీ కొలవకుండా కాగితాన్ని నమ్మాను" అంది.

మోజెస్ ఊరుకోలేదు. "నేను ముందే చెప్పాను కదండీ, పెద్ద పంపయితే సరిపోయేది."

"సరిపోయేది కాదండీ. మా నాన్న కాలవ మీద లస్కరు, పొలాలకి నీళ్ళు వదిలే పని. చివరి పొలానికి నీళ్ళు అందట్లేదని గొడవలయ్యేవి. కాలవలోకి ఎన్ని నీళ్ళొదిలినా ముందున్న పొలాలే తాగేసేవి. మా నాన్న ముందువాళ్ళ తూములు కాస్త దించేవాడు. అప్పుడు చివరిదాకా పారేది."

చెబుతూనే పైపుల మొదట్లో ఉన్న చిన్న వాల్వుల దగ్గర కూర్చుని, మూడు పొట్టి వరసలనూ కొద్దికొద్దిగా బిగించింది. నాలుగోదాన్ని పూర్తిగా తెరిచి ఉంచింది. తర్వాత అందరూ వంటగదిలోకి వచ్చి నిలబడ్డారు. పది నిమిషాలైనా మార్పు లేదు. మల్లేశ్వరి పెదవి కొరుక్కుంటుంటే చూసి దివాకర్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

జెనిఫర్ కూతురు రియాకి ఎనిమిదేళ్ళు. మేజోళ్ళు విప్పేసి కిటికీ కింద బోర్లా పడుకుంది. అరగంట తర్వాత అరిచింది. "ఆంటీ, కమ్! ఇక్కడ వార్మ్ వస్తుంది!"

మల్లేశ్వరి కూడా మేజోళ్ళు విప్పింది. ఇలాంటి ఇళ్ళకు ఎన్నో పంపులు ఎంచిపెట్టింది గానీ, తను మాత్రం ఈ దేశానికొచ్చాక తొమ్మిది చలికాలాలూ వేడిగాలి ఊదే అపార్ట్‌మెంట్‌లోనే గడిపింది. వెచ్చటి నేల మీద పాదం మోపడం ఇదే మొదటిసారి. రెండడుగులు వేసి ఆగిపోయింది. కళ్ళు చెమర్చాయి.

"ఏంటండీ, మళ్ళీ తప్పొచ్చిందా?" అన్నాడు మోజెస్ కంగారుగా.

"లేదండీ. బాగుంది. చాలా బాగుంది."

మోజెస్ కూడా చెప్పులు విడిచి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆ తర్వాత, "పొడుగు పైపుకి ఇంకొంచెం నీళ్ళు ఇవ్వొచ్చంటారా?" అని అడిగాడు. దుకాణంలో మాట్లాడిన గొంతు కాదది.

"ఇవాళ్టికి వదిలేయండి. రేపు పొద్దున చూసి నాకు ఫోన్ చేయండి."

జెనిఫర్ కోడికూర, అన్నం గిన్నెలు తెచ్చింది. టేబుల్ వైపు చూసి, మనసు మార్చుకుని, కిటికీ దగ్గర నేల మీదే పెట్టేసింది. అందరూ చుట్టూ బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. బయట మంచు పడుతోంది. దివాకర్ మారు వడ్డించమని కంచం చాపాడు.