చీనీకాయల వ్యానులో మా మోటారుసైకిలు

పొద్దున అయిదున్నరకు బెళుగుప్పలో బయలుదేరాం. నేను, మా ఆయన, పదకొండేళ్ల మా మోటారుసైకిలు. బండి మీద కాదు, బండితో పాటు, అనంతపురం మార్కెట్టుకు చీనీకాయలు, అదే బత్తాయిలు, తీసుకెళ్లే వ్యానులో.

ఉగాదికి ముందు, బండి ముందరి బ్రేకు పట్టక ఇద్దరం పడ్డాం. అప్పటినుంచి నేను ఆ బండి ఎక్కలేదు. ఆయన మాత్రం వెనక బ్రేకుతోనే పొలానికి తిరుగుతున్నాడు. సాయంత్రం ఇల్లు చేరేదాకా నా ప్రాణం నాలో ఉండేది కాదు. మా బండి తయారైన ఏడాది బండ్లన్నిటికీ ముందు బ్రేకు పైపు లోపల చీలుతోందని, ఉచితంగా మారుస్తామని కంపెనీ నుంచి మెసేజీ వచ్చి నెలయింది. "ఊరికే ఎవురిస్తారు? కొత్త బండి అంటగట్టేదానికి పిలుస్తాండారు" అని ఈయన కదల్లేదు. చివరికి నేనే వ్యాను మాట్లాడాను. ఇద్దరికీ, బండికీ కలిపి మూడు వందలు.

ముందు సీట్లో నేను, వెనక పెట్టెల మధ్య బండిని కౌగిలించుకుని ఆయన. కళ్యాణదుర్గంలో టీకి ఆపినప్పుడు డ్రైవరు, "అక్కా, అన్న అత్తగారింటికి పోతాండే పెండ్లికూతురు మాదిరి ఉండాడు" అన్నాడు. ఈసారి వాన ముందే పడింది. దారి పొడవునా సెనక్కాయ చేలు పచ్చగా ఉన్నాయి.

ఎనిమిదింటికి అనంతపురం. ఉగ్గాని, బజ్జీ తిని, బండిని తోసుకుంటూ తొమ్మిదిన్నరకు షోరూము చేరాం.

అక్కడి పెద్ద మెకానిక్కు, "ఛాసిస్ నంబరు కాగితం మీద పెన్సిలుతో రుద్ది కంపెనీకి పంపల్లమ్మా. అప్పుడే పైపు ఇస్తారు" అన్నాడు. నంబరు ఉండేది హ్యాండిలు కింద, బండి మెడ మీద. ఆ మెడకే, మేం పడిన మర్నాడు ఆంజనేయస్వామి గుడిలో పూజ చేయించి, నల్లదారం గవ్వలతో చుట్టి ఏడు ముడులు వేశాను.

"మీరే కోయండన్నా" అన్నాను.

మెకానిక్కు రెండడుగులు వెనక్కి వేశాడు. "దిష్టిదారం మేము ముట్టుకోము. కట్టినోళ్లే తీయల్ల."

మా ఆయన వైపు చూశాను. ఫోను చూసుకుంటున్నాడు.

ఇన్నాళ్లూ ఆయన్ని క్షేమంగా ఇంటికి చేర్చింది ఆ దారమేనని నా నమ్మకం. తీసిన గంటలోనే ఏమైనా అయితే? మెకానిక్కు నా మొహం చూసి, "పైపు మార్చినాంక మళ్లీ కట్టుకో తల్లీ. దేవుడు బ్రేకు వద్దంటాడా?" అన్నాడు. దండం పెట్టుకుని బ్లేడుతో కోసేశాను. కింద గట్టిపడిన పసుపూ కుంకుమా గీకితే నంబరు బయటపడింది.

పని గంటన్నర పట్టింది. పాత పైపు కోసి లోపలి చీలిక చూపించారు. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, చీలికను వేలితో తడిమి చూశాడు. తర్వాత, "నువ్వు చెప్పిననాడే రావల్సిండె" అన్నాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు. షోరూమువాళ్లు పైసా తీసుకోలేదు. మీరెవరైనా వెళ్తే ఆర్‌సీ మరవకండి, నంబరు ముందే తుడిచి పెట్టుకోండి.

పన్నెండున్నరకు బస్టాండు ముందు బండి ఆపి, "బస్సుకు పోతావా?" అని అడిగాడు. జవాబు చెప్పకుండా వెనక సీటు మీద సర్దుకుని కూర్చున్నాను. సీటు వెనక కడ్డీని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

ఆత్మకూరు దాటాక గొర్రెల మంద ఒక్కసారిగా రోడ్డెక్కింది. ఆయన బ్రేకు నొక్కాడు. బండి జారకుండా, ఊగకుండా నిలబడింది. "కొత్త బండా అన్నా?" అన్నాడు కాపరి. "యాడ కొత్తదప్పా, పాతదే" అన్నాడు మా ఆయన, నవ్వుతూ.

మంద దాటింది, మేమూ కదిలాం. కళ్యాణదుర్గం వచ్చిందని ఆయన లేపేదాకా, ఆ వీపుకు తల ఆనించి నిద్రపోయానని నాకే తెలియలేదు.