అనాసపువ్వుల క్రిస్మస్ చెట్టు

మా చిన్నప్పుడు... పొద్దున్నే డాడీ వంటింట్లోకి వెళ్ళి ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చేవారు. తర్వాత మూత పెట్టేసేవారు...

నవ్వకండి, నాకిప్పుడు పంతొమ్మిదే. చిన్నప్పుడంటే ఎప్పుడో కాదు, ఆ కరోనా ఏడాదే. దుబాయ్‌లో, కరామాలో, లిఫ్ట్ లేని పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. అమ్మ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ ఎప్పుడు పడుతుందో తెలీదు కాబట్టి వంట డాడీది. నరసాపురంలో వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకున్న మసాలాలు వేసి వండితే పై అంతస్తు మలయాళీ ఆంటీ కూడా తనకింత పెట్టమని గిన్నె పంపేది.

అలాంటి మనిషికి కరోనా వచ్చింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది... వాసన మాత్రం తిరిగి రాలేదు.

మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత ఒకరోజు పలావులో యాలకులు ఎక్కువైపోయి నోట్లో పెట్టుకోలేకపోయాం. అమ్మా నేనూ బాగుందనే తిన్నాం. డాడీకి అర్థమైపోయింది. మర్నాటి నుంచి అన్నం, పప్పు, గుడ్డు వేపుడు... అంతే. పోపులపెట్టె ముట్టుకోవడం మానేశారు. మాటలు కూడా తగ్గిపోయాయి.

నవంబరు వచ్చింది. ప్రతి ఏడాదీ క్రిస్మస్‌కి పలావు మసాలా ఇంట్లోనే కొట్టడం మాకు అలవాటు. ఈసారి ప్యాకెట్ తెచ్చేద్దాం అన్నారు డాడీ. అమ్మ ఒప్పుకోలేదు. "దానికి ముక్కుంది కదండీ... తీసుకెళ్ళండి," అంది నన్ను చూపించి.

అలా శుక్రవారం పూట ఇద్దరం వీధి చివరి మసాలాల కొట్టుకి వెళ్ళాం. ఎటు చూసినా తెరిచిన బస్తాలు. కానీ మాస్కులు! లోపల తీయకూడదు. కొట్టు ఆయన హిందీలో నవ్వుతూ, చిటికెడు చిటికెడు కాగితంలో పెట్టి ఇస్తాను, బయటికెళ్ళి వాసన చూసి రమ్మన్నాడు. నేను తలుపు బయట మాస్కు కిందికి దించి వాసన చూడటం, లోపలికొచ్చి చెప్పడం...

ధనియాలు అరచేతుల మధ్య నలిపి చూడమనేవారు డాడీ. లవంగం గోటితో నొక్కితే నూనె తడి తగలాలి. యాలక్కాయ ఒలిస్తే లోపల గింజ నల్లగా, జిగురుగా ఉండాలి. ఆయన చెప్పడం, నేను చూడటం. "ఎలా ఉంది?" అంటే నాకు మాటలు వచ్చేవి కాదు. జీలకర్ర గురించి "మట్టి మీద వాన పడ్డట్టు" అన్నాను. చాలా రోజుల తర్వాత నవ్వారు... అది కొనేశారు.

ఆ ఏడాది చర్చికి వెళ్ళడానికి లేదు, బంధువులు లేరు, చెట్టుకి కొత్త బొమ్మలు కొనే ఓపిక కూడా ఎవరికీ లేదు. అమ్మే అంది, మసాలాలతోనే చెట్టు అలంకరిద్దామని. అప్పుడు డాడీ ఆ దిగుల్లోంచి బయటపడ్డారు చూడండి! దీనికి ముక్కుతో పని లేదు, కళ్ళు చాలు. మళ్ళీ కొట్టుకెళ్ళి, కొట్టాయన విసుక్కోకుండా చాటలో పోసిస్తే, రేకు విరగని అనాసపువ్వులు ఒక్కొక్కటే ఏరారు. విరిగినవి పలావుకి, మంచివి చెట్టుకి. పొడుగు దాల్చినచెక్కలు ఎర్ర దారంతో కట్టలు కట్టడానికి. ఇక్కడివాళ్ళు మాంసం కూరలో వేసే ఎండు నిమ్మకాయలు... లూమీ అంటారు... వాటిలో లేత రంగువి, ఊపితే గుల్లగా ఉన్నవి వేలాడదీయడానికి. కమలాపండు చక్రాలు కోసి బాల్కనీలో ఎండబెట్టే పని నాది.

హాలంతా మసాలాలే. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీయగానే, ఆస్పత్రి వాసనంతా పోయింది అనేది. డాడీ సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తేవారు కాదు.

పండగ ముందు ఒక మధ్యాహ్నం... నేను మూకుట్లో ధనియాలు, ఎండుమిరపకాయలు వేయిస్తున్నాను. కాసేపు కమలా చక్రాలు తిరగేసి వద్దామని బాల్కనీలోకి వెళ్ళాను. అక్కడ పావురాలను తోలుతూ పొయ్యి సంగతి మర్చిపోయాను. అమ్మ స్నానం చేస్తోంది. వంటింటి తలుపు వేసి ఉంది. డాడీ హాల్లో అనాసపువ్వుల దండ గుచ్చుతున్నారు.

"చిన్నీ, ఏదో మాడుతోంది."

పరుగెత్తాను. మూకుడు నిండా పొగ. స్టవ్ ఆపేసి దగ్గుతూ బయటికొచ్చాక తట్టింది నాకు.

"డాడీ... మీకెలా తెలిసింది?"

"వాసన..." అని ఆగిపోయారు. చేతిలో సూది అలాగే ఉంది.

అమ్మ తడి జుట్టుతో దగ్గుకుంటూ వచ్చింది. ఏం మాడబెట్టారని కోప్పడబోయింది. "ధనియాలు," అన్నారు డాడీ మెల్లగా. "మిరపకాయలు కూడా." అమ్మ ఆయన మొహం చూసింది, నా మొహం చూసింది. గబగబా లోపలికెళ్ళి ఆ మాడిన మూకుడు గుడ్డతో పట్టుకొచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది. డాడీకి పొలమారి దగ్గు... కళ్ళమ్మట నీళ్ళు. అమ్మకీ నీళ్ళే. మిరప ఘాటు అంది. నేను నమ్మినట్టే ఊరుకున్నాను.

ఒక్కసారిగా అంతా వచ్చేయలేదు లెండి. చాలా రోజులు కాఫీ పెట్రోలు వాసన వస్తోందనేవారు. కానీ ఆ క్రిస్మస్ పలావు మాత్రం డాడీయే వండారు. మసాలా ఎంతో నన్నడిగారు, ఉప్పు ఎంతో అమ్మనడిగారు... పెద్ద గిన్నెలో పై అంతస్తుకి కూడా పంపారు.

ఇప్పుడు ఆ కొట్టు లేదు, అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. మసాలాలు ఫోన్లో నొక్కితే సీలు వేసిన ప్యాకెట్లలో ఇంటికే వస్తాయి... నలిపి చూసేది లేదు, ఎంచేది లేదు. డాడీకి ఇప్పుడు నా సాయం అక్కర్లేదు. సంతోషమే... కానీ "ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే బాగుండు అనిపిస్తుంది అప్పుడప్పుడు.

మీ ఇంట్లో మసాలాలు ఎవరు ఎంచేవారు? ఏం చూసి, ఎలా చూసి? రాయండి... వాసన ఫోన్లో రాదు గానీ, మీరు చెబుతుంటే నాకు వచ్చేస్తుంది.