అరికాలితో చూసిన నేల

ఈ ఉదయం నోయిడాలోని మా ఆసుపత్రిలో కొత్త వార్డు తలుపు తీయగానే, అప్పుడే పరిచిన వినైల్ నేల జిగురు వాసన గుప్పుమంది. వార్డు ఇన్‌ఛార్జిని నేనే, నేల బాగుందని సంతకం పెట్టాల్సిందీ నేనే. ఆ వాసనకు నాకు కరుణమ్మ సిస్టర్ గుర్తొస్తారు. ఆమె వెంట నా పాత భయమూ వస్తుంది.

అప్పుడు నేను ఢిల్లీలో సాకేత్ వైపు ఒక ఆసుపత్రిలో, ఎముకల వార్డులో నర్సుని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కరుణమ్మ గారు మా హెడ్ నర్సు, నరసాపురం మనిషి. వానాకాలంలో వార్డుకి ఇలాగే కొత్త వినైల్ షీటు నేల వేశారు. ఆమె సెలవులో ఉన్న రోజు మేనేజరు నన్ను పిలిచి, సోమవారం వార్డు తెరవాలి, చూసి సంతకం పెట్టమన్నాడు. బూట్లకు కవర్లు తొడుక్కుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. నేల అద్దంలా మెరుస్తోంది. కిటికీ పక్కన ఒకచోట మాత్రం కాలికి మెత్తగా తగిలింది. ఆగాను. "ఠీక్ హై నా, సిస్టర్?" అన్నాడాయన, బాగానే ఉంది కదా అన్నట్టు పెన్ను చాపుతూ. నా ఉద్యోగం ఖాయం చేయాల్సింది ఆయనే. సంతకం పెట్టేశాను.

మర్నాడు కరుణమ్మ గారు వచ్చారు. బూట్లు విడిచి, వట్టికాళ్లతో, అడుగులో అడుగు వేస్తూ మొదలుపెట్టారు. అలికిన నేల లోపల ఆరిందో లేదో వాళ్లమ్మ అరికాలితోనే చెప్పేదట. అతుకు వచ్చిన ప్రతిచోటా బొటనవేలితో నొక్కారు. లైట్లు ఆర్పించి, నేలకు చెంప ఆనించినంత పనిచేసి, కిటికీ వెలుతురులో ఏటవాలుగా చూశారు. చివరికి నేను ఆగిన చోటే ఆమె కూడా ఆగారు. నీళ్ల బకెట్లున్న ట్రాలీని అక్కడ అటూ ఇటూ తోయమన్నారు. తోశాను. చక్రం ముందు చిన్న ఉబ్బు లేచి పక్కకు జరిగింది. కింద గచ్చు ఆరకముందే అంటించేశారని, దీన్ని ఒప్పుకోకూడదని అన్నారు.

ట్రాలీ వదిలేసి ఆమె దగ్గరకు వెళ్లాను. "నిన్ననే సంతకం పెట్టేశానండి, సిస్టర్."

తిడతారనుకున్నాను. ఆమె కిటికీ గట్టు మీద కూర్చుని, అక్కడ మెత్తగా ఉందని నీకు తెలిసిందా లేదా అని మాత్రం అడిగారు. తెలిసిందన్నాను.

"నీ ఉద్యోగం పోద్దని భయపడ్డావమ్మాయ్. తుంటి ఆపరేషనైన ముసలమ్మ వాకర్ పట్టుకుని ఇక్కడే మొదటి అడుగేస్తుందని భయపడి ఉంటే, పెట్టేదానివి కాదు."

ఆ సంతకం కిందే 'ఒప్పుకోవడం లేదు' అని నా చేత్తో రాసి రమ్మన్నారు. తను వెంట రానన్నారు. మేనేజరు అది చదివి, నా ఫైలు కూడా తన బల్ల మీదే ఉందని మెల్లగా గుర్తుచేశాడు. అయినా నేను కాగితం మార్చలేదు. చివరికి ఆయనకు ఆ షీటు లేపించక తప్పలేదు. అడుగున గచ్చు చెమ్మగా, జిగురు జావలా ఉంది. నా ఉద్యోగం ఖాయం కావడానికి మరో ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ నాకు సరిగ్గా నిద్ర లేదు.

కరుణమ్మ గారు ఇప్పుడు లేరు. ఇన్నేళ్ల సర్వీసులో భయం పోతుందనుకున్నాను, పోలేదు. సంతకం పెట్టే ముందు ఇప్పటికీ భయపడతాను. కాకపోతే, ఎవరి కోసం భయపడాలో చూసుకుని మరీ భయపడతాను.