ఉప్పుబానల ఆనపపాదు

మా పక్కింటి అమ్మాయి మేడ మీద తోట పెట్టింది. పగిలిన బకెట్లు, పాత టైరు, కొడుకు చిన్నప్పటి స్నానపు తొట్టి, అన్నిటికీ రంగులేసి మట్టి నింపి మొక్కలు నాటింది. పారేసేవి ఎన్ని పనికొచ్చాయో చూద్దురు గాని రండంటూ నన్ను పైకి తీసుకెళ్లింది. మంచి పిల్లే. కానీ పందిరి మీద పిందె తొడిగిన ఆనపతీగ దగ్గరకొచ్చేసరికి, అదిగో అని వేలు పెట్టి చూపించింది. వేలు దించమని కసిరాను. పిల్ల బిత్తరపోయింది. సాయంత్రం జంతికలు పంపించాను గానీ ఎందుకు కసిరానో చెప్పలేదు. చెప్పాలంటే ఉప్పు దగ్గర మొదలుపెట్టాలి. అంత వినే ఓపిక ఆ పిల్లకి ఎక్కడిది.

అరవైల చివర. నరసన్నపేట నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో మా ఊరు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వరి ఎండు గడ్డి అయింది, మెట్టలో చోళ్లు, అవే రాగులు, మాత్రం గుప్పెడు రాలాయి. ఇంట్లో ముగ్గురం. మా ఆయన నాకు మేనబావ, పెళ్లయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. వాళ్లమ్మ నా సొంత మేనత్త. పిల్లలు ఇంకా లేరు. ఆ చోళ్లతో అంబలి కాచుకుని ఎలాగో గట్టెక్కుదాం అనుకుంటూ ఉండగా బావ కాళ్లు వాచాయి.

మొదట నడిచి నడిచి వాచాయనుకున్నాం. తర్వాత పొద్దున్నే లేచేసరికి మొహం ఉబ్బేది, కళ్లు తెరుచుకునేవి కావు. శ్రీకాకుళం తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు కాలి మీద వేలు నొక్కి చూశాడు. పడిన గుంట అలాగే ఉండిపోయింది. ఉప్పు ముట్టకూడదన్నాడు. పచ్చడి, ఎండుచేప, చారు ఏదీ కూడదు, ఆనపకాయో బీరకాయో ఉప్పు లేకుండా ఉడకబెట్టి పెట్టు, ఒంట్లో చేరిన నీళ్లు లాగేస్తుంది, మందు పనిచేస్తుంది, లేకపోతే మందు కూడా ఏమీ చేయలేదు అన్నాడు. నేను తలూపాను. బస్సులో వస్తుంటే తట్టింది, ఈ కరువులో ఆనపకాయ ఎక్కడుందని? సంతకెళ్తే చింతపండు, ఎండుమిరప, ఎండుచేప. పచ్చని వస్తువన్నదే లేదు. డాక్టరు ఏది వద్దన్నాడో అదే ఊరంతా ఉంది, ఏది పెట్టమన్నాడో అది ఎక్కడా లేదు. దేవుడు పగబట్టాడంటే ఇదే కదా అని ఆ రోజు సంతలో నిలబడి ఏడ్చాను.

ఏడిస్తే కాయలు కాస్తాయా? పెరట్లో పెంచుదామనుకున్నాను.

విత్తనాలున్నాయి. ఎండిన ఆనపబుర్రలో అత్త దాచినవి, వంటింటి చూరుకి వేలాడుతున్నాయి. నీళ్లే లేవు. నూతిలో చేద వేస్తే అడుగు గీరుకునేది. మా అమ్మ పుట్టిల్లు పాతపట్నం వైపు మెట్ట ఊరు, ఆవిడ పాదుకి నీళ్లు పోసేది కాదు, పక్కన కుండ పాతేది. కుండని మెడ దాకా మట్టిలో పాతి, నీళ్లు నింపి మూత పెడితే, గోడల్లోంచి చెమ్మ ఊరి వేరు దానంతటదే తాగుతుంది. చెంబుడు నీళ్లతో ఒక పాదు బతుకుతుంది. అలా చేద్దామన్నాను. అత్త, మీ అమ్మోళ్ల మెట్ట తెలివి అంటూ మూతి తిప్పింది గానీ గునపం తెచ్చి తనే గొయ్యి తీయడం మొదలెట్టింది.

ఇంట్లో పనికిరాని వస్తువంటూ మిగల్లేదు. పోయిన మామయ్య గొడుగు చిల్లులు పడి మూల ఉంటే దాన్ని మొలకల మీద ఎండకి పట్టాం. అంచు ఊడిన చేట కోళ్లకి అడ్డం పెట్టాం. ఒక పాత మంచం నులక విప్పి తీగకి తాడు చేశాం. పందిరికి గుంజలు కావాలి. మేత లేక ఎద్దుల్ని ముందే సంతకి తోలి అమ్మేశాం, కాడి గోడకి ఆనించి ఉంది. దాన్ని పాతుదామన్నాను.  అత్త కాడికి పసుపు రాసి, దండం పెట్టి, గోతిలో నిలబెట్టి మట్టి కప్పింది. రైతు ఇంటి కాడిని అలా పాతిపెట్టడం శవాన్ని పాతినట్టే ఉంది. ఇద్దరం చెంగులతో కళ్లు తుడుచుకుని మళ్లీ పనిలో పడ్డాం.

కుండలు మాత్రం సరిపోలేదు. నేతికుండల గోడలు జిడ్డు పట్టి చెమ్మ ఊరనివ్వవు. పనికొచ్చేది మెడ విరిగిన నీళ్లకుండ ఒక్కటే దొరికింది, దాన్ని మంచి రోజుల్లో బియ్యం కడుగు పారబోసిన చోట పాతాను.

అప్పుడొచ్చింది చేపలామె. సముద్రపొడ్డు నుంచి గంప నెత్తిన పెట్టుకుని ఏళ్ల తరబడి మా వీధికి వచ్చేది. ధాన్యం పోస్తే చేపలు ఇచ్చేది. కరువులో ఆమె దగ్గర చేపలు లేవు, మా దగ్గర ధాన్యం లేదు, అయినా అలవాటు కొద్దీ వచ్చి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లేది. కుండల సంగతి విని, మా ఇంటికాడ బానలు ఊరికే పడున్నాయి, చేపల్లేక ఉత్తినే ఎండుతున్నాయి, తెస్తానంది. అన్నట్టే కూతుర్ని వెంటబెట్టుకుని, అంత దూరం ఎండలో మోసుకొచ్చింది. చేపలకి ఉప్పు పట్టించే బానలవి. నీచువాసన గుప్పుమంది. మా అత్త సంబరం చూడాలి. చేపలు కడిగిన నీళ్లు ఆనపపాదుకి పోస్తే కాపు విరగకాస్తుందని మా వైపు చంటిపిల్లకి కూడా తెలుసు. ఇక చేపల బానే పక్కన పాతితే చెప్పేదేముంది? బూడిదేసి పైపైన తోమాం, ఎక్కువ తోమితే ఆ బలం పోతుందని అత్త వద్దంది. ఒక్కో పాదుకి ఒక్కో బాన పాతాం.

మొలకలు ముచ్చటగా వచ్చాయి. బావ మంచం పెరటి వసారాలోకి మార్చాం, చూసుకుంటూ పడుకునేవాడు. పచ్చదనం చూస్తే ప్రాణం లేచొస్తోందనేవాడు. కానీ నోరు మాత్రం ఊరుకునేది కాదు. ఉప్పులేని అంబలి గొంతు దిగక, ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. అంత మగాడూ పసిపిల్లాడిలా వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని రవ్వంత ఉప్పు వెయ్యమని బతిమాలేవాడు. ఒకరోజు నేను నూతి దగ్గర్నుంచి వచ్చేసరికి అత్త గిన్నెలో వేళ్లు తిప్పుతోంది. చెయ్యి పట్టుకుని గుప్పిట విప్పాను. ఉప్పుకల్లు.

"కొడుకుని సంపుకుంటావేటి అత్తా?" అన్నాను.

"ఆడి నోరు సప్పబడిపోనాది. ఒక్క కల్లుకి ఏటైపోతాదే?" అంది.

గిన్నెడు అంబలీ పెంట మీద పారబోశాను. కరువులో, ఇద్దరి ఎదురుగా. ఆ రోజు నుంచి ఉప్పుకుండ నా పక్కనే పెట్టుకుని పడుకున్నాను. అత్త నాతో మాట మానేసింది. మానితే మాననీ అనుకున్నాను. నాకు కావలసింది ఆమె మాట కాదు, ఆయన ప్రాణం.

తీగలు పందిరి అందుకోబోతూ ఆగిపోయాయి. ఆకుల అంచులు నిప్పు సోకినట్టు మాడి, లోపలికి ముడుచుకున్నాయి. నీళ్లు చాలడం లేదనుకున్నాను. నేను మొహం కడుక్కోవడం కూడా మానేసి ఆ నీళ్లు బానల్లో పోశాను. పోసిన కొద్దీ మాడాయి. పేనుబంకేమో అని బూడిద చల్లాను. దిష్టేమో అని అత్త పాతచెప్పు కట్టింది. ఒక్క నీళ్లకుండ పక్కన వేసిన పాదు మాత్రం నవనవలాడుతోంది. బియ్యం కడుగు బలం అనుకున్నాం. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే, కళ్లెదుట కనిపిస్తున్నది అర్థం కాలేదు.

ఒక పొద్దున బాన మూత తీస్తుంటే మెడ చుట్టూ తెల్లగా నూగు కనిపించింది. వేలితో గీరి నాలిక మీద పెట్టుకున్నాను.

ఉప్పు. ఏళ్ల తరబడి ఆ మట్టి తాగిన ఉప్పంతా నేను పోసిన నీళ్లతో బయటికొచ్చి వేళ్లకి పోయింది. నాకు ఒళ్లు తెలియలేదు. గునపం తీసుకుని బానలన్నీ పగలగొట్టాను. వసారాలోంచి బావ ఏటయ్యిందే ఏటయ్యిందే అని అరుస్తున్నాడు. వెళ్లి ఆ తెల్లటి పెంకు మంచం మీద పడేసి సంగతి చెప్పాను. పెంకు వంక చూసి, నా వంక చూసి నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడు.

"నాకెయ్యని ఉప్పు పాదులకేసీసినావేటే," అన్నాడు.

నేను నవ్వలేకపోయాను. ఆ పెంకు ఎక్కడ నాకుతాడో అని చటుక్కున లాగేసుకున్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

చేపలామె వచ్చి చూసి తల బాదుకుంది. మంచికే ఇచ్చినాను తల్లీ, మట్టిలో ఉప్పు కూకుంటాదని నాకేటి తెలుసు అని ఏడ్చింది. ఆమెని నానా మాటలూ అందామని ఉన్నదాన్ని, ఆ ఏడుపు చూసి మళ్లీ గునపం అందుకున్నాను. ఆమె కొంగు బిగించి మాతో సమానంగా ఆ ఉప్పుమట్టి తవ్వి గంపలతో బయట పోసింది. కొత్తగా విత్తులు వేసే టైము లేదు. బావ వాపు పొట్ట దాకా ఎక్కింది. ఇక ఉన్నది ఆ ఒక్క పాదే.

ఆ పాదుని మేం కాపాడినట్టు కన్నబిడ్డని కూడా ఎవరూ కాపాడరు. చీకటి పడే ముందు పువ్వు విచ్చుకోగానే మగపువ్వు తెచ్చి నేనే పిందెపువ్వుకి అద్దేదాన్ని. వచ్చిన పిందెలు వచ్చినట్టే పసుపుపచ్చబడి రాలాయి. చివరికి ఒక్కటి నిలబడింది. బొటనవేలంత. అత్త మౌనం వదిలి నాతో అన్న మొదటి మాట, పిందెని వేలెట్టి సూపించకు, కుళ్లిపోతాది, గుప్పిట మూసి సూపించు. సరే అన్నాను. వీధిలో వాళ్లు ఎవరొచ్చినా ముందు వాళ్ల చేతుల వంక చూసేదాన్ని. బావ కూడా మంచం మీంచి గుప్పిటే ఎత్తి, ఎంతైందే అని అడిగేవాడు. జానెడు కానీ బావా అనేదాన్ని. ఆ లేతది కోస్తే ఒక్క పూటకి కూడా రాదు, కాస్త ఊరితే మూడు నాలుగు పూటలు పెట్టొచ్చు. నా లెక్క అది. ఇప్పుడు తలచుకున్నా తప్పు లెక్కేమీ కాదు. ఆ కాయ కోసం ఆయన ఆగి ఉంటే బాగుండేది, అంతే.

ఆగలేదు. మంచం మీద కూర్చుంటే గానీ ఊపిరి ఆడని స్థితికొచ్చాడు. గోరువెచ్చని నీళ్లు కూడా పెదాల మీంచే జారిపోయేవి. పోయే ముందు పొద్దున గుప్పిట ఎత్తబోయాడు, లేవలేదు. నేనే ఎత్తి కాయ వైపు తిప్పాను. జానెడైంది బావా, రేపు కోస్తానన్నాను. అబద్ధం కాదు, నిజంగానే కోద్దామనుకున్నాను. మధ్యాహ్నానికి పోయాడు.

ఊళ్లో వాళ్లంతా వచ్చారు, ఏడ్చారు, వెళ్లారు. పందిరి కింద అందరూ తిరుగుతున్నా ఆ కాయని ఎవరూ ముట్టుకోలేదు. ఆయన పోయిన సంగతి దానికి తెలియదు కదా, పెరుగుతూనే ఉంది. రోజూ చూస్తూ కూర్చునేదాన్ని. కోసి నేలకేసి కొట్టాలనిపించేది. నీళ్లు మాత్రం పోస్తూనే ఉన్నాను.

పెద్దకర్మ నాడు అత్త కత్తి తీసుకెళ్లి దాన్ని కోసుకొచ్చి నా ముందు పెట్టింది. వండాను. చెయ్యి అలవాటు కొద్దీ ఉప్పు లేకుండానే వండాను. పోయినవాడికి పెట్టే అడ్డాకుల విస్తరి గదిలో పరిచి, అన్నం, పప్పు, ఆనపకాయ కూర వడ్డించి పక్కకి జరిగాను. అత్త నా వైపు చెయ్యి చాపింది. ఏం అడుగుతోందో అర్థమైంది. ఇన్నాళ్లూ నా తలాపున దాచిన ఉప్పుకుండ తెచ్చి ఇచ్చాను. ఆమె గుప్పెడు ఉప్పు తీసి ఆ కూర మీద చల్లింది. చాలదనుకుందేమో, ఇంకో గుప్పెడు తీసి అన్నం పక్కన పోసింది.

"ఇంక నిన్నెవులూ వద్దనరు. తిను నాయినా," అంది.