నేను మార్చిన పెళ్ళి క్యాసెట్టు

ఆ రోజుల్లో ఒక పాట నచ్చితే దాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి కాస్త శ్రమ పడాల్సి వచ్చేది. కాగితం మీద పాటల జాబితా రాసుకుని, ఖాళీ క్యాసెట్టు పట్టుకుని రికార్డింగు షాపుకి వచ్చి, "ఎల్లుండి రండి" అనిపించుకుని వెళ్ళాలి. రావులపాలెంలో అలా "ఎల్లుండి రండి" అనే మనిషిని నేనే. డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాక (రాలేదనడం కంటే నేను వెతకలేదనడం న్యాయం) మా మావయ్య షాపులో కూర్చున్నాను. కూర్చున్న కొద్ది నెలలకే నాకొక నమ్మకం కుదిరింది. ఇప్పుడొస్తున్న పాటల్లో ఏది వందేళ్ళు నిలుస్తుందో, ఏది వచ్చే వేసవికి అజాపజా లేకుండా పోతుందో పల్లవి వినగానే చెప్పేయగలనని.

నమ్మకం నమ్మకంగా ఉంటే ఫరవాలేదు. నేను దాన్ని అమల్లో పెట్టాను. ఎవరైనా పన్నెండు పాటలు రాసిస్తే, నిలవవని నాకు తోచిన ఒకటి రెండు తీసేసి, వాటి చోట నిలిచేవి ఎక్కించేవాణ్ణి. అంతా భావితరాల కోసమే (భావితరాల వాళ్ళెవరూ నన్ను అడగలేదు). ఎవరైనా నిలదీస్తే "మా దగ్గరున్న కాపీ పాడైందండీ" అనేవాణ్ణి. మావయ్యకి ఒకసారి అనుమానం వచ్చి, "ఒరేయ్, వాళ్ళడిగింది ఎక్కించివ్వడమే మన పని. హోటల్లో ఇడ్లీ అడిగినోడికి ఒంటికి మంచిదని కాకరకాయ కూర పెడతారేంట్రా?" అన్నాడు. నేను నవ్వేసి నా పని నేను చేసుకుపోయాను. మేధావుల్ని ఇంట్లోవాళ్ళు ఎప్పుడు గుర్తించారు గనక!

అలా ఉండగా అరటి మార్కెట్టులో గెలల వ్యాపారం చేసే ఒకాయన (అందరూ ఆయన్ని గెలల బాబాయిగారనేవారు) కూతురి పెళ్ళికి క్యాసెట్టు చేయించుకోవడానికి వచ్చారు. "మా అమ్మాయి రాసిందబ్బాయ్. భోజనాలప్పుడు మైకులో వేయించాలంట. మొదటి పాట మాత్రం తప్పకూడదంది. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు పెళ్ళికొడుకు చెప్పులేసుకుంటూ, ఎక్కడున్నాడో మర్చిపోయి అదే పాట ఈలేశాడంట. అందుకే ఒప్పుకుందంట!" అని మురిసిపోయారు.

జాబితా చూశాను. ఆ మొదటి పాట ఆ ఏడాది ప్రతి ఆటోలోనూ, ప్రతి సోడా బండి దగ్గరా మోగుతున్న డప్పుల పాట. అర్థం లేదు, పర్థం లేదు, మధ్యలో ఒక వెర్రి అరుపు. ఆరు నెలల పాట అని తేల్చేశాను. దాని చోట వయొలిన్లు ఏడ్చే గొప్ప పాటొకటి ఎక్కించాను. అది విరహగీతమన్న సంగతి నాకు తెలుసు. పెళ్ళిలో వేస్తారన్న సంగతే గుర్తుకు రాలేదు.

పెళ్ళికి మావయ్యతో నేనూ వెళ్ళాను. కొత్త దంపతులు మొదటి పంక్తిలో కూర్చున్నారు. పనసపొట్టు కూర వడ్డిస్తుండగా మైకుసెట్టతను క్యాసెట్టు పెట్టాడు. వయొలిన్లు మొదలయ్యాయి. ఆ వెనకే గాయకుడు, తనని ఒంటరిని చేసి వెళ్ళిపోయిన మనిషిని తలుచుకుని పందిరంతా దద్దరిల్లేలా దుఃఖించాడు. పెళ్ళికొడుకు నాయనమ్మగారు చేతిలో బూరె విస్తట్లో పెట్టేసి, "శుభమా అని పెళ్ళవుతుంటే ఏంటండీ ఈ ఏడుపు? ఆపండి!" అన్నారు. పెళ్ళికూతురు తలెత్తింది. కళ్ళ నిండా నీళ్ళు.

గెలల బాబాయిగారు విస్తళ్ళు దాటుకుంటూ నా దగ్గరికి వచ్చారు. కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది. "నీకు నేనేం అపకారం చేశానబ్బాయ్?" అన్నారు మెల్లిగా.

ఆ గొంతు విన్నాక అబద్ధం నోట రాలేదు. "ఆ పాట ఎక్కువకాలం నిలవదనిపించి మార్చానండీ" అన్నాను.

ఆయన తెల్లబోయారు. మావయ్య తల పట్టుకున్నాడు. పెళ్ళికూతురు మాత్రం కళ్ళు తుడుచుకుని, "నిలవకపోతే పోనీండి. నాకు ఇవాళ కావాలి. మీరే తీసేశారుగా, మీరే పాడండి" అంది.

మైకు నా చేతిలో పెట్టారు. నాకు రాదండీ అందామని నోరు తెరిస్తే పల్లవి వచ్చేసింది. దాని వెనక చరణం, చరణాల మధ్య డప్పులు, ఆ వెర్రి అరుపుతో సహా. నేను వెలివేసిన పాట అక్షరం పొల్లుపోకుండా నాలోనే ఉంది (ఏరికోరి ఎక్కించిన గొప్ప పాటకి నాకు పల్లవి తప్ప రాదు). భయానికి పల్లవి సాగదీస్తున్నాను, గొంతు ఒక పక్కకి, డప్పులు ఒక పక్కకి పోతున్నాయి. వంటవాళ్ళు గరిటెలతో గిన్నెల మీద తాళం అందుకున్నారు. పెళ్ళికొడుకు ఎడంచేతి వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈలేశాడు. పెళ్ళికూతురు నవ్వింది. నాయనమ్మగారు బూరె మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

ఇన్నేళ్ళ తర్వాత మొన్నామధ్య పాలకొల్లు బస్టాండులో ఒకావిడ, "మీరు క్యాసెట్ల అబ్బాయిగారు కదండీ?" అని పలకరించింది. (తల మీద వెంట్రుక లేని నన్ను అబ్బాయనడం ఆవిడ సంస్కారం.) ఆ పెళ్ళికూతురే. "నాన్నగారు పోయేదాకా మీ మాట చెప్పి నవ్వుకునేవారండీ" అంది. పక్కన ఇంజనీరింగు చదువుతున్న కొడుకు. విషయం విని ఫోన్లో ఆ పాట వెతికి పట్టుకుని, కాసేపు విని మొహం చిట్లించాడు.

"ఇదేంటమ్మా? మనింట్లో పాడేది ఇలా ఉండదుగా!"

"సినిమాలో ఆయన సరిగ్గా పాడేశాడురా" అంది ఆవిడ. "మనకి వచ్చింది ఈయన పాట."

అని ఊరుకోకుండా సన్నగా పల్లవి అందుకుంది. కొడుకూ గొంతు కలిపాడు. భయంతో నేను సాగదీసిన చోట సాగదీసి, శ్రుతి తప్పిన చోటల్లా శ్రద్ధగా తప్పి, తల్లీకొడుకులు పాడుతుంటే నేను బస్సు సంగతి మర్చిపోయి నిలబడిపోయాను. షాపులో కూర్చుని వందేళ్ళు నిలిచే పాటలు ఏరిన ఆనాటి కుర్రాడికి, తన అపస్వరమొకటి ఒక ఇంట్లో ఇన్నాళ్ళు బతుకుతుందని ఎవరైనా చెప్పి ఉంటే, పాపం, కాస్త గొంతు సవరించుకుని మొదలెట్టేవాడు.