వద్దు అనిపించిన ఆఫీసరు

మొన్నటి వానకు మా వీధి కాలువ పొంగి వాకిట్లోకి నీళ్లొచ్చాయి. కోడలు చీపురుతో ఒండ్రు తోస్తుంటే ఆ బురద వాసన ముక్కుకు తగిలింది. అంతే, నేను దేవరకొండ పక్కన ఒక వాగు ఒడ్డుకు వెళ్లిపోయాను. అరవైల మొదట్లో ఆ బ్లాకులో నేను గ్రామసేవకుణ్ణి. కొత్త ఉద్యోగం, అన్నీ నాకే తెలుసన్న ధీమా. మా పై అధికారి నరహరి గారు. కల్వకుర్తి దిక్కు రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. పొట్టిగా ఉండేవారు గానీ ఆయన నడకను అందుకోవాలంటే మేం పరుగెత్తాల్సిందే. ఆయన కింద పనిచేశానని చెప్పుకుంటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది.

ఆ ఏడు వాగు పొంగి ఊరి వరి పొలాల్లో ఇసుక మేటలు వేసి పోయింది. ఊరి వైపు ఒడ్డున ఎత్తుగా కరకట్ట కట్టాలని పైనుంచి పథకం వచ్చింది. కట్టే ముందు జనం మాట అడగాలన్నారు. చావడిలో మీటింగు పెట్టాం. పటేలు అరుగు మీద, రైతులు చాపల మీద, వాగు అవతలి గూడెం వాళ్లు చెప్పులు చేతబట్టుకుని బయట ఎండలో. నేను పథకం చదివి, ఎవరికైనా అభ్యంతరమా అని అడిగాను. పెద్దల ముందు కాదనడం అక్కడ మర్యాద కాదు. పటేలు చూస్తుండగా గూడెం వాళ్లంతా ఒకే మాట అన్నారు: “మీరెట్లంటే గట్లనే దొరా.” అందరూ ఒప్పుకున్నారని నేను సంబరంగా రాయబోతుంటే నరహరి గారు నా చెయ్యి పట్టి ఆపారు. మీటింగు ఇంకా అయిపోలేదని, రేపు అవతలి ఒడ్డున కూడా మాట్లాడతామని చెప్పి లేచారు. పటేలు ముఖం మాడిపోయింది. ఒప్పుకున్నవాళ్లను మళ్లీ అడగడమెందుకని నేను దారిపొడుగునా సణిగాను.

“గది ఒప్పుకునుడు గాదయ్యా సత్తయ్యా. మీతోటి మాకెందుకొచ్చిన లొల్లి అనుడు,” అన్నారాయన.

మర్నాడు గూడెంలో ఆయన కట్ట ఊసే ఎత్తలేదు. ఒక ఇంటి ముందు నేల మీదే కూర్చుని, మంచినీళ్లు అడిగి మరీ తాగారు. ఆఫీసరు తమ ఇంటి చెంబుతో నీళ్లు తాగేసరికి జనం మెల్లగా దగ్గరికి జరిగారు. వాగు వస్తే ముందుగా ఏం పట్టుకుని పరుగెత్తుతారని నరహరి గారు వాళ్లను అడిగారు. ఒకరు మేకలన్నారు, ఒకరు గింజల కుండన్నారు. ఒక ముసలాయన తన పెళ్లాన్ని తప్ప అన్నీ అనేసరికి నవ్వులు మొదలయ్యాయి. తుంగచాపలు అల్లే బాలమ్మ మాత్రం నవ్వలేదు. ఇప్పుడు వరద ఊరి ఒడ్డున ఉన్న తుంగమడుగులో పరుచుకుంటుంది కాబట్టి గూడెంలోకి మోకాటి దాకే వస్తోందని చెప్పింది.

“గాడ కట్ట గడితె నీళ్లన్నీ మా దిక్కే మర్లుతయి సారూ. గప్పుడు ఏం బట్టుకున్నా ఉరికేటందుకు జాగ ఉండది.”

మా కాగితాల్లో ఊరు ఉంది, పొలాలు ఉన్నాయి. గూడెం లేనే లేదు. నాకు సిగ్గేసింది. ఈ మాట పటేలు ముందు చెబుతావా అని నరహరి గారు అడిగితే బాలమ్మ తల దించుకుంది. మీరే చెప్పండి సారూ అని పక్కవాళ్లు బతిమాలారు.

“నేను జెప్తె గది నా మాటైతది. రేపు నాకు బదిలీ అయితె నా ఎంబడే పోతది. నువ్వు జెప్తె ఊళ్లె ఉంటది బాలమ్మా,” అన్నారాయన.

రెండో మీటింగు వాగు ఇసుకలో పెట్టించారు. అక్కడ అరుగు లేదు, పటేలైనా ఇసుకలోనే కూర్చోవాలి. బాలమ్మ కొంగు నెత్తికి కప్పుకుని లేచింది. చెప్పాల్సిందంతా చెప్పింది. మరి నా పొలం ఇసుక పాలు కావాలా అని పటేలు గద్దించాడు. అదీ నిజమే. పొద్దెక్కేదాకా వాదులాడుకుని, చివరికి కట్టను వెనక్కి జరిపి మడుగును వాగుకే వదిలేయాలన్న దగ్గరికి వచ్చారు. నరహరి గారు కర్ర తీసుకుని, ఇసుకలో వాగు, మడుగు బొమ్మ వేసి, పటేలు మనసు కూడా కాస్త చూసి, మడుగు మధ్యగా ఒక గీత గీశారు. అందరూ తలలూపారు.

“గాడ వద్దు సారూ,” అంది బాలమ్మ. “సగం తుంగ కట్ట లోపటికి పోయి ఎండుతది. ఇగ మేం దేంతోటి అల్లుకోవాలె?”

గూడెం వాళ్లే ఆమె కొంగు పట్టి లాగారు. ఇంత చేసిన మనిషికే ఎదురు చెప్పిందని నాకు ఒళ్లు మండింది. నరహరి గారు తన గీతను తానే కాలితో చెరిపేసి, కర్ర ఆమె చేతికిచ్చారు. పటేలు గొణుగుతూనే ఉన్నాడు. ఆమె మడుగుకు ఊరి వైపు అంచు వెంట కొత్త గీత గీసింది.

తిరిగి వస్తూ ఆయన సైకిలు మీద ఒకటే నవ్వు. నాకు కోపంగా ఉందని కనిపెట్టి సైకిలు ఆపారు.

“పటేలుకు వద్దనుడు నేను నేర్పిన. నాకు వద్దనుడు ఆమెనే నేర్చుకున్నది. ఇంతకన్న ఏం గావాలెనయ్యా?”

కట్ట బాలమ్మ గీసిన చోటే లేచింది. తర్వాత వచ్చిన పెద్ద వరద మడుగులో పరుచుకుని పోయింది. పొలాలు దక్కాయి, గూడెంలో గోడ కూడా పడలేదు. ఆ కబురు చెబుదామంటే నరహరి గారికి అప్పటికే బదిలీ అయింది.

నేనూ మెట్టు మెట్టుగా పైకొచ్చాను. నా సంతకంతో చాలా కట్టడాలు లేచాయి. ప్రతి మీటింగులో ఎవరో ఒకరు లేచి నా ముఖం మీదే వద్దనే వరకు కూర్చునేవాణ్ణి. అన్నప్పుడు ముందు కోపమే వచ్చేది, నా గుణం అలాంటిది. దాన్ని మింగుకుని, ఎందుకు వద్దో చెప్పమనేవాణ్ణి. నౌకరీలో ఏం కట్టావు తాతా అని మనవలు అడుగుతారు. కట్టినవి నాకు అంతగా గుర్తు లేవు. నాకు వద్దని చెప్పిన ఊళ్ల పేర్లు మాత్రం గర్వంగా ఒక్కొక్కటే చెబుతాను.