రిలీవర్ల సీసా

పోర్టులో ఒకే క్రేను మీద వరహాలు, తవిటయ్య సగం వయసు గడిపేశారు. పక్కపక్కనే కూర్చుని గడిపారనుకునేరు. ఒకరు ఎక్కితే ఒకరు దిగేవారు. తర్వాతి షిఫ్టు రిలీవరు వచ్చి ఎదురుగా నిలబడందే సీటు వదలకూడదు, అదీ అక్కడి పద్ధతి. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునే ఇన్నేళ్ల స్నేహంలో వాళ్లు చెప్పుకున్న మాటలన్నీ ఆ క్రేను నిచ్చెన దగ్గర చెప్పుకున్నవే. ఒకరింట్లో పెళ్లయితే రెండోవాడు డ్యూటీలో ఉండాల్సిందే.

ఆమధ్య ఒక ఓడ సరుకుని రెండు షిఫ్టుల్లోనూ చిన్న గీత పడకుండా దించారని ఆ ఓడ ఆఫీసరు ముచ్చటపడి ఇద్దరికీ కలిపి ఒకే సీసా ఇచ్చాడు. సిరా అనే నల్లద్రాక్షతో చేసిన ఎర్ర వైను. ఆ ఏడు కొద్ది సీసాలే తయారుచేశారట. మూత తీశాక గంటసేపు గాలి తగలనిచ్చి, మెల్లగా తాగమని మరీ మరీ చెప్పాడు. పాపం, ఆయనకేం తెలుసు వీళ్ల బతుకులు. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికితే కదా. కంచరపాలెంలో వరహాలు ఇంట్లో, బియ్యం డబ్బా వెనక చీకట్లో సీసా అలాగే పడి ఉంది.

తవిటయ్య రిటైరయ్యాడు. తెల్లారితే కాపురం ఎత్తేసి పార్వతీపురం వెళ్లిపోతున్నాడు. వెళ్లేలోగా ఒక్క పూట, సీటు అప్పజెప్పే తొందర లేకుండా, బావ పక్కన కూర్చోవాలని వరహాలు ఆశ. అంతకుమించి ఏమీ కోరలేదు.

మధ్యాహ్నం తవిటయ్య వచ్చాడు. సామాన్లు మూటలు కట్టీ కట్టీ ఒళ్లు హూనమైపోయింది. వరహాలుదీ నైట్ డ్యూటీ చేసి వచ్చిన ఒళ్లే. వరహాలు భార్య అసిరమ్మ నెత్తళ్ల చేపలు వేయించి పెట్టింది. బిరడా ఊడిరాకపోతే స్క్రూడ్రైవరుతో లోపలికి తోసేసి, స్టీలు గ్లాసుల్లో పోసుకుని, డ్యూటీ మధ్య టీ తాగినట్టు ఇద్దరూ గటగటా దించేశారు. వగరు. నాలుక పట్టేసింది. కషాయంలా ఉందన్నాడు తవిటయ్య.

వరహాలు మళ్లీ పోశాడు. అది ముట్టుకోకుండానే తవిటయ్య కుర్చీలో నిద్రపోయాడు.

వరహాలుకి ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్లు దాచింది దీనికా? లేపమంది అసిరమ్మ. నోరు తెరుచుకుని పడుకున్న ఆ ముఖం చూస్తే చెయ్యి రాలేదు. తనూ గోడకి చేరగిలబడ్డాడు. ఇంటి వెనక పట్టాల మీద గూడ్సు బళ్లు పోతూనే ఉన్నాయి.

గంట దాటాక ఊసుపోక గ్లాసు ఎత్తాడు. వాసనకే ఆగిపోయాడు. బాగా ముగ్గిన నేరేడు పళ్లు, అప్పుడే దంచిన మిరియాలు, ఎక్కడో కాస్త పొగ. కొంచెం నోట్లో పోసుకున్నాడు. వగరు పోయింది. చిక్కగా, వెచ్చగా గొంతులోకి దిగింది. ఇది బావకి చెప్పకుండా ఉండలేననిపించి, రెండో గ్లాసు పట్టుకెళ్లి కుర్చీ ముందు నిలబడ్డాడు.

తవిటయ్య కళ్లు తెరిచాడు. ఎదురుగా నిలబడ్డ వరహాలుని చూసి గబుక్కున లేచి టిఫిన్ డబ్బా కోసం కింద తడుముకున్నాడు.

"వచ్చీసినావా బావా? కూకో, నాను దిగిపోతాను."

వరహాలు గ్లాసు పక్కన పెట్టి, అతని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

"ఈ పూట ఎవులమూ దిగక్కర్లేదు బావా."

ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. తవిటయ్య ఈసారి మెల్లగా తాగాడు. చాలాసేపు గ్లాసులోకి చూసి, ఇందాకటిదేనా ఇది అని అడిగాడు. అదేనన్నాడు వరహాలు.

ఇద్దరూ అలవాటు కొద్దీ ఒకసారి వీధి గుమ్మం వైపు చూశారు. ఎవరూ రావడం లేదు.